పలక మీది గుడ్లు

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, మా సొసైటీ గేటు బయట పాతసామాన్లు కొనే కబాడీవాడి రిక్షా మీద ఒక ఇనుప స్టాండు కనబడింది. ఆకుపచ్చ రంగు వేసినది. నాలుగు కాళ్ళలో ఒకటి కాస్త పొట్టి. ఆ పొట్టి కాలికి ఒక చెక్కముక్క ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. ఆ తాడు కట్టింది నేనే.

"యే కహాఁ సే ఉఠాయా, భయ్యా?" అని, ఎక్కణ్ణుంచి తెచ్చావని అడిగాను, తెలిసి కూడా.

"తీస్‌రీ మంజిల్ సే, సాబ్. ఉధర్ కామ్ చల్ రహా హై నా."

మూడో అంతస్తు. మా ఎదురిల్లు. ఆ ఫ్లాటును కొన్నవాళ్ళు గోడలు కొట్టించి వంటిల్లు మార్పించుకుంటున్నారని నాకు తెలుసు. ఆ చప్పుళ్ళు వింటూనే ఆఫీసు మీటింగుల్లో మాట్లాడుతున్నాను. అయినా ఆ స్టాండు ఇంకా లోపల ఉండి ఉంటుందని తట్టలేదు. దాని మీద ఎన్నో ఏళ్ళు ఒక చేపల తొట్టి ఉండేది. తొట్టి ఎదురుగా రెల్లుతో అల్లిన మోఢా అనే గుండ్రటి పీట, ఆ మోఢా మీద ఆవిడ.

రిక్షా మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. పాల ప్యాకెట్లు చేతిలో చెమటలు పట్టాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. సొసైటీ మొత్తానికి ఆవిడ ఆంటీజీ. మాకు ఆంటీ. "ఢిల్లీకొచ్చిన ఆడది రిటైరయ్యేదాకా మేడమ్, అయ్యాక ఆంటీజీ. నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తెనాల్లోనే మిగిలారు" అనేవారు నవ్వుతూ. ఏదో మంత్రిత్వశాఖలో ఫైళ్ళ మధ్య ఉద్యోగం చేసి, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో చాలా కాలం ఉండి, రిటైరయ్యాక ఢిల్లీలోనే ఈ మా ద్వారకకు వచ్చారు. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు సామాన్ల లారీలో తొట్టిని ఎక్కించకుండా, ఆటోలో తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారట. చేపలు వేరే ఆటోలో, రెండు స్టీలు క్యాన్లలో. "వాటికి ఒక ఆటో, నాకొక ఆటో. డిప్యూటీ సెక్రటరీకి కూడా అంత దర్జా లేదు" అని ఆ ప్రయాణం గురించి చెప్పేవారు.

మొదటిసారి చూసింది ఒక చలికాలం సాయంత్రం. బయట పొగమంచు, లోపల కరెంటు లేదు. తలుపు తీస్తే ఎదురుగా కోతిటోపీ, మగవాళ్ళ స్వెట్టరు, చేతిలో చుట్టచుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరు.

"తెలుగువాళ్ళేగా మీరు? మీ ఆవిడ బాల్కనీలో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాలే. మా ఇన్వర్టరు చచ్చింది. ఈ ప్లగ్గు మీ దాంట్లో పెట్టనిస్తారా? నాకోసం కాదు. లోపల కాపురం ఉంది, చలికి నీలుక్కుపోతారు."

ఎవరి కాపురమో అర్థంకాక నా భార్య సుజాత కంగారుగా దుప్పటి తీసుకుని పరుగెత్తింది. వెళ్ళి చూస్తే, తొట్టిలో రెండు ఏంజిల్ చేపలు. పలచగా, నిలువుగా, చిన్న గాలిపటాల్లా ఉన్నాయి. వెండిరంగు ఒంటి మీద నల్లటి నిలువుచారలు. ఒకదాని పక్కన ఒకటి కదలకుండా నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. సుజాత చేతిలో దుప్పటి చూసి ఆవిడ నవ్విన నవ్వుకు కోతిటోపీ ఊడిపోయింది.

"కప్పుదామనే? కప్పు, కప్పు, పాపం."

ఆ రాత్రి నుంచీ మా రెండు గుమ్మాల మధ్య వరండాలో కరెంటు పోయినప్పుడల్లా ఒక వైరు పాక్కుంటూ వెళ్ళేది.

ఆవిడ అలవాట్లు కొన్ని ఇప్పటికీ కళ్ళముందు ఆడతాయి. బజారు నుంచి వచ్చి, తన ఇంటి తాళం తనే తీసి, తలుపు తెరిచేముందు వేళ్ళతో మెల్లిగా తట్టేవారు. లోపల మనిషన్నవాడు లేడు. "ఒక్కసారిగా తలుపు తీస్తే ఉలిక్కిపడి అద్దానికి కొట్టుకుంటాయి. చెప్పి వెళ్తే మన సొమ్మేం పోయింది?" అనేవారు. కుళాయి నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "ఇవాళ బోరు నీళ్ళు కలిపారు" అని ముఖం చిట్లించి, ఆర్వో నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి కలిపేవారు. ఇక్కడి నీళ్ళు మరీ ఉప్పన, ఆ నీళ్ళలో గుడ్లు సరిగ్గా పొదగవని ఆవిడ లెక్క. ఆఫీసు వదిలినా ఆఫీసు భాష ఆవిడను వదల్లేదు. ఆ రెండు చేపలూ తొట్టిలోని పలకను నోటితో గీకి శుభ్రం చేయడం మొదలుపెడితే, "ఫైలు కదిలింది" అనేవారు. ఆడది పలక మీద వరుసగా గుడ్లు పెట్టుకుంటూ పోతే, వెనకే మగది వస్తూ ఉంటే, "సంతకాలు అవుతున్నాయి, మాట్లాడకండి." మర్నాడో ఆ మర్నాడో అవి తమ గుడ్లను తామే తినేస్తే, "రిమార్క్స్ రాసి వెనక్కి పంపారు. మళ్ళీ పెడతార్లే."

ఏంజిల్ చేపలు గుడ్లను కాపలా కాస్తాయి, రెక్కలతో విసురుతాయి, పిల్లలు బయటికొస్తే వెంట తిప్పుకుంటాయి. కానీ చాలా జంటలకు అది చేతకాదు. బెదిరినా, అనుభవం లేకపోయినా గుటుక్కున మింగేస్తాయి. అందుకని చేపలు పెంచేవాళ్ళందరూ గుడ్లు పెట్టగానే పలకను తీసి వేరే తొట్టిలో పెట్టేస్తారు. బూజు పట్టకుండా నీలిమందు వేసి, గాలిబుడగలు వదిలి, వాళ్ళే పొదిగించి పెంచుతారు. ఆవిడ మాత్రం తీసేవారు కాదు. ఎన్నిసార్లు తింటే అన్నిసార్లు తిననిచ్చేవారు.

"మనం తీసేస్తే వాటికి ఎప్పుడొస్తుంది? తీసినకొద్దీ అవి మర్చిపోతాయి. వాటి పిల్లలకసలు తెలీనే తెలీదు" అనేవారు.

పలక అంటే నిజంగా పలకే. బడిపిల్లలు రాసుకునేది, చుట్టూ చెక్క తీసేసింది, తొట్టి గోడకు ఏటవాలుగా ఆనించి ఉండేది. "మావాడిది. మా అమ్మ దాచింది" అని ఒకసారి అన్నారు. వాళ్ళబ్బాయి తెనాలిలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడకు ఢిల్లీలో ఉద్యోగం, చంటిపిల్లాణ్ణి చూసేవాళ్ళు లేరు. ఏటా ఎండాకాలం సెలవుల్లో వెళ్ళి చూసుకునేవారు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ పూణే నుంచి ఆ అబ్బాయి వచ్చినప్పుడు, తల్లిని "మీరు" అనడం విన్నాను. కాఫీ కలిపి ఇచ్చి, "పంచదార సరిపోయిందాండీ?" అని అడిగాడు. మర్యాదస్తుడు. చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఆవిడకు ఈ చేపల పిచ్చి పట్టింది పంటి డాక్టరు దగ్గరట. ఎప్పుడో, ఆర్.కె. పురంలో ఉన్నప్పుడు, పన్ను పీకించుకోవడానికి వెళ్ళి వరుసలో కూర్చున్నారు. ఎదురుగా తొట్టి. అందులో తల్లీ తండ్రీ అటొకటి ఇటొకటి, మధ్యలో ఆవగింజల్లాంటి పిల్లలు ఒక మబ్బులా కదులుతున్నాయి. ఒక పిల్ల దారితప్పి పోతే తండ్రి చేప వెళ్ళి నోట్లో పెట్టుకుని తెచ్చి మళ్ళీ గుంపులో ఊదేసింది.

"నా నంబరు పిలిచాడు. లేవలేదు. ఇంకొకళ్ళని పంపేశా. చివరికి కాంపౌండరొచ్చి, మేడమ్, నొప్పి లేదా అంటాడు. పన్నున్న సంగతే మర్చిపోయాను అబ్బాయ్!"

మర్నాడు మళ్ళీ వెళ్తే ఆ తొట్టి శుభ్రం చేయడానికని అన్నిటినీ తీసేశారట. అంతే. ఆ ఒక్కసారి చూసిందాన్ని తన ఇంట్లో, తన తొట్టిలో ఇంకొక్కసారి చూడాలని ఆవిడ కోరిక. దుకాణంలో దొరికేవన్నీ మనుషులు పెంచిన చేపలే. ఒక జంట పోయాక ఇంకో జంట. అన్నీ తినేసేవే. ఆవిడ మోఢా మీద కూర్చుని చూస్తూ ఉండేవారు, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని. చలికేమో అనుకున్నాను. మే నెలలో కూడా అలాగే కూర్చుంటే అడిగాను.

"చేతులు ఊరుకోవు కదా! ఏదో ఒకటి సర్దుతాయి. అందుకని వాటి మీద నేను కూర్చుంటా."

నా చేతుల సంగతి చెప్పాలి. నేను గుర్గావ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. ఆగిపోయిన పనిని కదిలించేవాడినని అక్కడ నాకు పేరు. ఆ పేరు ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాను. సుజాత కూరలో ఉప్పు చూసేలోపు నేను వేసేస్తాను. ఎవరైనా ఒక మాట కోసం వెతుక్కుంటుంటే నేనే అందించేస్తాను, చాలాసార్లు తప్పు మాట. చేసిన ప్రతి సాయానికీ ఎదుటివాళ్ళ ముఖం వైపు చూస్తాను, అక్కడ కనబడవలసింది కనబడిందా లేదా అని. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక ఏడాది ఆవిడ జంట దాదాపు గెలిచింది. గుడ్లలోంచి తోకలు బయటికొచ్చి పలక మీద గిలగిలలాడటం మేమందరం చూశాం. ఆ తర్వాత తినేశాయి. అయినా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఇంతదాకా ఎప్పుడూ రాలేదు. ఈసారి తిప్పుతాయి చూడు. సుజాతా, నేను కన్ను చేయించుకుంటానే."

"ఇన్నాళ్ళూ మేం మొత్తుకుంటే వద్దన్నారు. ఇప్పుడేంటి ఆంటీ?"

"అవి పిల్లల్ని తిప్పేనాటికి నేను మసగ్గా చూస్తే ఏం లాభం?"

కంటిలో శుక్లాలు. అబ్బాయి పూణే రమ్మన్నాడు. వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"రోజూ రెండుపూటలా మేత వెయ్యి. గుడ్లు పెడితే ఏం చెయ్యకు. రాత్రి లైటు మాత్రం ఆర్పకు, చీకట్లో కంగారుపడి మింగేస్తాయి. నాకు ఫోన్ చెయ్యి. పిల్లలు ఈదడం మొదలుపెడితే కంటికి కట్టుతోనైనా సరే వచ్చేస్తా. విన్నావా? ఏం చెయ్యకు."

"వినబడింది ఆంటీ."

"వినబడితే చాలదు. చేతుల మీద కూర్చో."

ఆవిడ వెళ్ళిన కొద్దిరోజులకే గుడ్లు పెట్టాయి. పలక నిండా, గోధుమరవ్వ గింజల్లా, మెరుస్తూ. ఫోన్ చేద్దామనుకుంటూనే, పిల్లలయ్యాక చెబుదాం, సంతోషిస్తుంది అనుకున్నాను. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మగ చేప పలక మీద వాలి ఉంది. చూస్తుండగానే ఒక గుడ్డును పీకి నోట్లోకి తీసుకుంది. కాసేపటికి ఇంకొకటి. ఇంకొకటి.

మళ్ళీ తినేస్తోంది. ఆవిడ కన్ను బాగుచేయించుకుని వచ్చేసరికి ఖాళీ పలక ఉంటుంది. నేను చూస్తూ కూర్చున్నవాణ్ణి అవుతాను.

సెక్టార్ మార్కెట్‌లో చేపల దుకాణానికి పరుగెత్తాను. ఆయన నా మాట పూర్తికాకుండానే, "అండే తో అలగ్ కర్‌నే పడ్‌తే హైఁ, సర్. నహీఁ తో ఖా జాతే హైఁ" అని, వేరుచేయక తప్పదని చెప్పి, చిన్న తొట్టి, నీలిమందు, గాలిమోటారు చేతిలో పెట్టాడు. ఆఫీసుకు సెలవు పెట్టాను. పలకను తీస్తుంటే మగది నా వేలు కొరికింది. అది కొరకడం నాకు అప్పుడు నవ్వు తెప్పించింది.

ఆ పిల్లల్ని నేను బాగా పెంచాను. అందులో అబద్ధం లేదు. సీసాలో ఉప్పునీళ్ళు పోసి, కంటికి ఆనని రొయ్యపురుగుల్ని పొదిగించి, చుక్కచుక్కగా మేపాను. రోజూ నీళ్ళు మార్చాను. మా వంటింటి గట్టు మీద ఈ రోజుకీ ఒక నీలిమరక పోలేదు. పూణే నుంచి ఫోన్ వచ్చేది.

"ఫైలేమైనా కదిలిందా అబ్బాయ్?"

"లేదు ఆంటీ. ఇంకా లేదు."

"పోన్లే. నేనొచ్చేదాకా ఆగమని చెప్పు."

ఎదురుగా తొట్టిలో పిల్లలు ఈదుతుంటే వాటిని చూస్తూ ఆ మాట చెప్పేవాణ్ణి. అది అబద్ధమని నాకు అనిపించలేదు. కానుకకు చుట్టిన రంగుకాగితం అనుకున్నాను. సుజాత రెండుమూడుసార్లు, "చెప్పెయ్ రాదూ? ఆవిడ అడుగుతూనే ఉంది" అంది. "నీకు తెలీదు, ముఖం చూడాలి" అన్నాను.

అవతల పెద్ద తొట్టిలో ఇంకోటి జరిగింది. పలక మాయమయ్యాక ఆ రెండూ ఒకదాన్నొకటి అనుమానించినట్టు తిరిగాయి. మగది ఆడదాన్ని మూలకు తరిమింది. రెక్కలు చీలాయి. నేను పిల్లల హడావుడిలో ఉండి, మేత వేసి వచ్చేసేవాణ్ణి. విడదీద్దామని అనుకున్న రోజుకు ఆడది నీటి మీద పక్కకు వాలి ఉంది. తలుపు తట్టకుండా లోపలికి వెళ్తున్నానని కూడా అప్పటిదాకా గమనించలేదు.

ఆవిడ తిరిగొచ్చిన పొద్దున, పిల్లల తొట్టిని మోసుకెళ్ళి వాళ్ళ హాల్లో బల్ల మీద, కిటికీ వెలుగు పడేలా పెట్టాను. పిల్లలకు అప్పటికే రూపం వచ్చింది. కందిబద్దంత ఒళ్ళు, పైకీ కిందకీ సన్నటి రెక్కలు, చారలు. ఆవిడ తలుపు బయట తట్టి లోపలికొచ్చారు. నల్లకళ్ళద్దాలు తీసి వంగి చూశారు.

"ఇవెక్కడివి?"

"మనవే ఆంటీ! మీ జంట పిల్లలే! మీరు వెళ్ళగానే పెట్టాయి."

ఆవిడ ఆ తొట్టిని చూశారు. తర్వాత పెద్ద తొట్టిని చూశారు. అందులో మగది ఒక్కటే ఉంది.

"ఆడదేది?"

"అది... పోయింది ఆంటీ. మగది కొట్టింది. నేను విడదీసేలోపే."

"పలక ఎప్పుడు తీశావ్?"

"మర్నాడే. మగది గుడ్లు తినడం మొదలుపెట్టింది. చూస్తూ ఊరుకోలేక తీసేశా."

"ఏ రంగువి తింది?"

నాకు అర్థంకాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పలక నిండా తేనెరంగు గింజలు. వాటి మధ్య అక్కడక్కడ పాలిపోయినవి. మగది వంగి, ఎంచి ఎంచి పీకుతోంది.

"తెల్లవి" అన్నాను.

ఆవిడ తల ఊపారు. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు మెల్లిగా చెప్పారు. "తెల్లవి చెడినవి అబ్బాయ్. ఏరేస్తోంది. ఏరకపోతే పక్కవాటికి బూజు పడుతుంది. దానికి వచ్చేసింది."

నేను ఆవిడ ముఖం చూడలేదు. చూడటానికే అంతా చేసినవాణ్ణి.

"బాగా పెంచావు. ఒక్కటీ బక్కగా లేదు" అన్నారు. వంటింట్లోకి వెళ్తూ, నాతో కాదన్నట్టు, "ఎవరో పెంచి ఇస్తే చూసుకోవడం నాకు అలవాటే" అన్నారు. కాసేపటికి కాఫీ వాసన వచ్చింది.

ఇక్కడితో ఆగితే నేను చేసింది తెలివితక్కువ పని మాత్రమే అయ్యేది. ఇంటికొచ్చి నేనన్నది ఇది: "ఇంత చేస్తే ఒక్క థాంక్స్ లేదు చూశావా?"

సుజాత చపాతీపిండి కలుపుతోంది. తల ఎత్తలేదు. "ఆవిడ నిన్ను అడిగిందా? పోనీ ఫోన్‌లో అడిగినప్పుడు చెప్పావా? సర్‌ప్రైజంట! పుట్టినరోజు కేకా అది?"

ఆ తర్వాత చాలాకాలం ఆవిణ్ణి తప్పించుకు తిరిగాను. లిఫ్టు దగ్గర కనబడితే ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగేవాణ్ణి. కరెంటు పోతే వైరు సుజాత చేత పంపేవాణ్ణి. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదన్న కోపం కూడా వచ్చేది నాకు. ఒకరోజు లిఫ్టులో ఇద్దరమే చిక్కుకున్నాం. ఎలాగైనా అనేద్దామని గొంతు సవరించుకున్నాను. "ఆంటీ, ఆ రోజు..."

"అవునయ్యా, ఆ రోజు పాలు మీవి కూడా విరిగాయా? నావి రెండు ప్యాకెట్లూ పోయాయి" అన్నారు. తలుపు తెరుచుకుంది. అది ఆవిడ నిజంగా అన్నారో, నన్ను కాపాడారో ఇప్పటికీ తెలియదు.

ఆ పిల్లల్లో చాలావాటిని ఆవిడ పంచిపెట్టారు. కొన్నిటిని ఉంచుకున్నారు. పెద్దవయ్యాక వాటిలో రెండు జతకట్టాయి. గుడ్లు పెట్టేవి, తినేసేవి. మొదటినుంచీ మొదలు. ఆవిడ మళ్ళీ మోఢా మీద, చేతులు తొడల కింద. ఆ కళ్ళకు ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనబడేవి. తినేయడం స్పష్టంగా కనబడేది.

తర్వాతి చలికాలం ఢిల్లీ పొగకు ఆవిడకు దగ్గు పట్టుకుంది, వదల్లేదు. అబ్బాయి వచ్చి పూణే తీసుకెళ్తానన్నాడు. వెళ్ళేముందు ఆవిడ మా గుమ్మం తట్టారు.

"తొట్టి మీ ఇంట్లో పెట్టుకో. స్టాండు అక్కర్లేదు, మీకు రాతిగట్టు ఉంది. మోఢా కూడా తీసుకెళ్ళు."

"నాకెందుకు ఆంటీ? నేను..."

"నీక్కాకపోతే ఎవరికి? నీ చేతుల్లో పెరిగినవి." నా చేతులవైపు చూసి నవ్వారు. "వాటి మీద కూర్చోవడం నేర్చుకో."

పూణే నుంచి ఆదివారం పొద్దుటిపూట ఫోన్ చేసేవారు. దగ్గు మధ్యలోంచి, "ఫైలు కదిలిందా అబ్బాయ్?"

మొదటిసారి అడిగిన రోజున నిజంగానే పెట్టి, నిజంగానే తినేశాయి. ఆవిడకు ఒంట్లో బాగోలేదు. బాగున్నాయి, కాపలా కాస్తున్నాయి అని చెబితే ఏం పోయింది అని నోటిదాకా వచ్చింది. ఆ ఆలోచన నాకు బాగా పరిచయమైనదే.

"పెట్టాయి ఆంటీ. తినేశాయి."

అవతల నవ్వు, దానివెనక దగ్గు.

"రిమార్క్స్ రాశారన్నమాట. మంచిది. వినడానికి బాగుంది."

తినేశాయంటే వినడానికి ఎందుకు బాగుందో నేను అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. లేదు. పెట్టాయి. తినేశాయి. ఈసారి తోకలు వచ్చాయి, తినేశాయి. ఆవిడతో నా మాటల్లో అంత పొట్టివీ, అంత తేలికైనవీ లేవు.

ఒక ఆదివారం ఫోన్ వస్తే అవతల అబ్బాయి.

"మా అమ్మగారు పోయారండి. శుక్రవారం. ఆవిడ ఫోన్‌లో మీ నంబరు 'చేపల అబ్బాయి' అని ఉంది. అందుకని..."

ఆయనే మళ్ళీ, "ఒక సంగతి అడగాలండి. ఫైలు కదిలిందేమో కనుక్కోమని చివరిదాకా అడిగారు. పెన్షన్‌దేమోనని ఆఫీసుకు కూడా రాశాను. వాళ్ళు అలాంటిదేం పెండింగు లేదన్నారు. అది ఏం ఫైలండి?"

చెప్పాను. పంటి డాక్టరు, తల్లీ తండ్రీ మధ్య పిల్లలు, తినేయడం, మళ్ళీ పెట్టడం. నేను పలక తీసేసిన సంగతి కూడా చెప్పాను.

"ఆ పలక ఇప్పుడెక్కడుందండి? నాదది."

"నా దగ్గరే. తొట్టిలో ఉంది. పంపమంటారా?"

"వద్దండి. దాన్ని అక్కడే ఉంచండి" అన్నాడు. తర్వాత, గొంతు తగ్గించి, "అమ్మ చెయ్యి ఎప్పుడూ తొడ కిందే ఉండేది. ఆసుపత్రిలో కూడా. సూది వేయడానికి లాగాల్సి వచ్చేది" అన్నాడు. తల్లిని "అమ్మ" అని ఆయన అనగా నేను విన్నది అదొక్కసారే.

మొన్న ఆ స్టాండు రిక్షా మీద వెళ్ళిపోయాక పాలు తీసుకుని పైకొచ్చాను. మా తలుపు ముందు నిలబడి, తాళం తీసి, వేళ్ళతో తట్టాను. "నేనిక్కడే ఉన్నాను, ఎవర్ని తడుతున్నావ్?" అని సుజాత లోపలినుంచి అరిచింది. తొట్టిలో ఆ రెండూ పలకను గీకుతున్నాయి.

నిన్న గుడ్లు పెట్టాయి. రాత్రంతా లైటు ఆర్పలేదు. ఇవాళ ఇంటినుంచే పనిచేస్తానని ఆఫీసుకు చెప్పి, మోఢా తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆడది రెక్కలతో పలకకు విసురుతోంది. గుడ్లన్నీ తేనెరంగులో ఉన్నాయి, మధ్యలో అక్కడక్కడ పాలిపోయినవి. ఫోన్ జేబులో ఉంది. దానిలో ఆవిడ నంబరు ఇంకా తీసేయలేదు. ఆదివారం కాదు కాబట్టి ఎలాగూ మోగదు అని నాకు నేను చెప్పుకున్నాను.

మగది వచ్చింది. పలక ముందు ఆగింది. ఒక గుడ్డు మీదికి వంగి, దాన్ని పీకి నోట్లోకి తీసుకుంది.

నేను కూడా వంగి చూశాను. తెల్లదే.

అరచేతులు తొడల కిందికి ఇంకొంచెం లోపలికి జరుపుకున్నాను. అది రెండోదాని కోసం వెతుకుతోంది.